ఇంట్లో వదులు, వీధిలో బిగుతు

మా ఇంట్లో ఆరిన బట్టలు మడతపెట్టడం ఈమధ్య చిక్కు లెక్క అయిపోయింది. ఇదివరకు చొక్కా చేతిలోకి తీసుకోగానే ఎవరిదో తెలిసిపోయేది. ఇప్పుడు మావారి టీ షర్టు, ఇంటర్ చదివే మా అబ్బాయి టీ షర్టు, డిగ్రీ చదివే మా అమ్మాయి టీ షర్టు పక్కపక్కన పరిస్తే, ఇంట్లో అందరికంటే సన్నగా ఉండే పిల్లదే అన్నిటికంటే పెద్దది. భుజం కుట్టు భుజం మీద ఉండదు, జబ్బ మీదికి జారుతుంది. పొట్టి చేతులు మోచేయి దాటతాయి. దాని కింద రెండు కాళ్ళూ ఒకే గొట్టంలో పట్టేంత ప్యాంటు. దీన్ని ఓవర్‌సైజ్ అంటారట.

మా అత్తయ్యకు డెబ్భై నాలుగేళ్ళు. "డబ్బులిచ్చి మరీ ఎవరి చొక్కానో తెచ్చుకున్నావేమే" అని మనవరాల్ని ఆటపట్టిస్తారు. ఇంట్లో ఉన్నంతసేపూ అది ఆటే. అదే బట్టలతో పిల్ల గుమ్మం దాటుతుంటే మాత్రం ఆవిడ గొంతు మారుతుంది. "ఇంట్లో వేసుకో, ఎవరొద్దన్నారు? వీధిలోకి ఇదేం వేషం?" అంటారు. మా అమ్మాయి ఊరుకోదు. "ఇంట్లో అయితే ఫ్యానుంది నాన్నమ్మా. ఎండ ఉండేది వీధిలోనే కదా!"

మాది బెజవాడ. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెతకు సాక్ష్యం ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు, మా మేడమీదికి వస్తే చాలు. ఇలాంటి ఊళ్ళో ఒంటికి గాలి తగిలే బట్ట ఇంటికీ, ఒంటిని బిగించే బట్ట వీధికీ అని ఎవరు పంచిపెట్టారు? ఎప్పుడు పంచిపెట్టారు? నాకు తెలిసినవీ, చదివినవీ, మా ఇంట్లో ఆడవాళ్ళు చెప్పినవీ ఒకచోట చేరిస్తే కథ చాలా దూరం వెళ్ళింది.

అసలు మనవాళ్ళు కట్టుకున్నవి చాలాకాలం కొలత లేని బట్టలే. చీర, పంచె, ఉత్తరీయం, తువ్వాలు. కత్తెర పడదు, సూది పడదు. కొత్తగా పెళ్ళైనప్పుడు కట్టిన చీరే ఏడో నెల కడుపుతోనూ కట్టుకోవచ్చు, యాభయ్యో ఏట ఒళ్ళు చేసినా కట్టుకోవచ్చు. ఒక చీర అమ్మ నుంచి కూతురికి, కూతురి నుంచి కోడలికి చేతులు మారినా దర్జీతో పనిలేదు. ఓవర్‌సైజ్ అన్న మాట మనకు లేదుగానీ, ఒకే సైజు అందరికీ సరిపోవడమన్న ఏర్పాటు మన బీరువాల్లో ఎప్పట్నుంచో ఉంది.

ఈ వదులు బట్టలో మన కృష్ణా జిల్లాకు ఒక పెద్ద పాత్రే ఉంది. ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నారు. వాళ్ళూ, డచ్చివాళ్ళూ ఈ తీరం నుంచి ఓడలకెత్తిన సరుకుల్లో ముఖ్యమైనది మన కలంకారీ పువ్వుల బట్ట. అక్కడి ధనవంతులు ఆ బట్టతో మోకాళ్ళు దాటే వదులు అంగీలు కుట్టించుకున్నారు. బయట బిగుతు కోట్లు, తలమీద విగ్గులు, మెడకు గుడ్డపట్టీలు. ఇంటికొచ్చి అవన్నీ విప్పేసి, ఈ అంగీ తొడుక్కుని కూర్చుంటే ప్రాణం లేచొచ్చేది కాబోలు. చదువుకున్నవాళ్ళు ఆ అంగీలోనే తమ బొమ్మలు గీయించుకోవడం గొప్పగా ఉండేది. దాని పేరు బనియన్. మన దేశపు బనియా వర్తకుల వేషం అనుకుని పెట్టిన పేరు. ఆ మాటే ఊళ్ళు తిరిగి, అర్థం మార్చుకుని, చొక్కా లోపల వేసుకునే బనీనుగా మన దండేనికే వచ్చి చేరింది.

మన బట్ట అక్కడ ఎంతగా అమ్ముడుపోయిందంటే, తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో పువ్వుల బట్టను నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా నడిచింది. ఇంగ్లండు 1721లో అచ్చు నూలుబట్ట కట్టడం మీదే చట్టం తెచ్చింది. అయినా ఆడవాళ్ళు మానలేదు. పైజామాదీ ఇలాంటి కథే. మన దేశంలో మగవాళ్ళూ ఆడవాళ్ళూ పగటిపూట వేసుకునే పైజామా, ఇక్కడికొచ్చిన తెల్లదొరలకు రాత్రి పడుకునే బట్టయింది. తరవాత లోకమంతా దాన్ని పడక బట్టగానే గుర్తుపెట్టుకుంది. చూశారా, వదులుగా ఉన్నదాన్ని ఇంటికీ పడగ్గదికీ సర్దేయడం అప్పుడే మొదలైంది. ఆ దొరలే మళ్ళీ ఆఫీసులకు, కచేరీలకు, బళ్ళకు తమ బిగుతు కోటును మర్యాద చేసిపెట్టారు. ఎండలో చెమటలు కారుస్తూ కోటు వేసుకున్నవాడు పెద్దమనిషి, పంచె మీద తువ్వాలు వేసుకున్నవాడు మామూలు మనిషి అయ్యారు.

ఆడవాళ్ళ దగ్గరికి ఈ మర్యాద జాకెట్టు రూపంలో వచ్చింది. బెంగాల్లో ఠాగూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి 1864లో భర్తతో బొంబాయి వెళ్ళింది. అప్పటి బెంగాలీ ఇళ్ళలో ఆడవాళ్ళు ఒంటి మీద ఒక్క చీరతోనే ఉండేవారు. అంతఃపురంలో కూర్చునేవాళ్ళకు అది చాలు. బయటికి రావాలంటే ఆ కట్టు కుదరలేదు. ఆవిడ పార్సీ స్త్రీల కట్టు చూసి, లోపావడా, జాకెట్టు, ఎడమ భుజం మీద పైట, వీటన్నిటితో ఒక పద్ధతి తయారుచేసింది. ఇవాళ మనం కట్టే కట్టుకు అదొక పునాది. ఆవిడ మీద నాకు గౌరవమే. ఆ జాకెట్టు లేకపోతే మన ముందుతరాల ఆడవాళ్ళు అంత త్వరగా బడికీ సభకూ వచ్చేవారు కాదేమో. కానీ బయటి ప్రపంచంలోకి రావడానికి టిక్కెట్టు ఒక కుట్టుబట్ట అయింది. ఆ టిక్కెట్టు రానురాను బిగుతవుతూ వచ్చింది.

మా అమ్మమ్మది ముడిరవిక. ముందువైపు రెండు కొసలు తెచ్చి ముడివేసుకునేది. అన్నం తిన్నాక కాస్త వదులు చేసుకునేది, పిల్లకు పాలివ్వాలంటే ఒక్క లాగు లాగితే సరిపోయేది. మా అమ్మకు హుక్కుల జాకెట్టు వచ్చింది. నా పెళ్ళినాటికి కప్పులు, డాట్లు, వెనక తాళ్ళు. దర్జీ "కొంచెం లూజు పెట్టనా అమ్మా" అని అడిగితే పక్కనున్న నలుగురూ "వద్దు వద్దు, ఫిట్టింగు పోతుంది" అనేవారు. జాకెట్టు బాగా కుదిరిందనడానికి గుర్తు ఏమిటంటే చెయ్యి పైకెత్తలేకపోవడం! మీ అందరికీ తెలిసిన సంగతే కదా.

బిగుతు ఒక ఎత్తు, బట్ట ఇంకో ఎత్తు. 1941లో ఇంగ్లండులో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు టెరిలిన్ కనిపెట్టారు. మా నాన్న తరంలో టెరిలిన్ చొక్కా ఉన్నవాడు పెళ్ళిచూపుల్లో సగం నెగ్గినట్టే. మా అమ్మ పెళ్ళిసారెలో నైలెక్సు చీరలు వచ్చాయట. ఒంట్లో చెమట ఒంట్లోనే నిలబెట్టే బట్టను ఈ ఎండల్లో ఎందుకు కట్టుకున్నారమ్మా అని నేనొకసారి అడిగాను. అమ్మ చెప్పిన జవాబు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"నూలుచీర కట్టుకోవడం హాయే. ఉతికేదెవరు? గంజి కాచి పెట్టేదెవరు? ఆరాక నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేసేదెవరు? వారానికి ఏడు చీరలు. నైలెక్సు అయితే రాత్రి జాడిస్తే పొద్దున్నకి ఆరిపోయేది."

అదీ సంగతి. ఒంటికి హాయి కావాలంటే చేతులకు చాకిరీ తప్పేది కాదు. చాకిరీ తగ్గించుకోవాలంటే ఒంటికి ఉక్కపోత. మన అమ్మలు రెండోది ఎంచుకున్నారు. వాళ్ళకు బట్ట గుణం తెలియక చేసిన పని కాదది. ఇంట్లో పనికి ఇంకొక చెయ్యి లేక చేసిన పని.

ఆ బిగుతూ ఆ బట్టా కలిస్తే ఏమవుతుందో ఒకసారి కళ్ళారా చూశాను. పదేళ్ళ కిందట మే నెలలో మా బంధువుల పెళ్ళి. పట్టపగలు ముహూర్తం. మా పెద్దమ్మ జరీ బరువున్న పట్టుచీర, లోపల మందపు లైనింగుతో కుట్టిన జాకెట్టు, భుజాన మూడు పిన్నులు. తలంబ్రాల దగ్గర నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే జారిపోయింది. చుట్టాల్లో ఒకావిడ నర్సు. "నీళ్ళు తరవాత, ముందు పిన్నులు తీయండి, హుక్కులు తీయండి" అని అరిచింది. నలుగురం చీర కొంగులు అడ్డంపెట్టి తడిక కట్టాం. పిన్నులు ఊడి రావడంలేదు. హుక్కులు ఎంత బిగుతుగా ఉన్నాయంటే చివరికి పూలు కట్టేవాడి కత్తెర తెచ్చి జాకెట్టు కత్తిరించాల్సి వచ్చింది. తడిగుడ్డలు పరిచి, టేబుల్ ఫ్యాను దగ్గర పెడితే కాసేపటికి కళ్ళు తెరిచింది. తెరిచీ తెరవగానే అడిగిన మొదటి మాట, "మగవాళ్ళెవరైనా చూశారా?"

అది నవ్వుకునే విషయంగా మా చుట్టాల్లో చాలాకాలం చెప్పుకున్నారు. నాకెప్పుడూ నవ్వు రాలేదు. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండువేల మందికి పైగా చనిపోతే, అందులో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్ళే. వాళ్ళంతా బట్టలవల్ల పోయారని నేననను. ఎండలో పని మానుకోలేని కూలీలూ, వయసు మళ్ళినవాళ్ళూ ఎక్కువగా ఉంటారు ఇలాంటప్పుడు. కానీ వడదెబ్బకు మొదటి వైద్యం నీడకు చేర్చి బట్టలు వదులు చేయడమైనప్పుడు, ఆ వదులు దెబ్బ తగలకముందే ఉంటే ఏం పోయింది?

వదులు బట్ట ఎందుకు చల్లగా ఉంటుందో కూడా శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. అరబ్బు ఎడారుల్లో బెడూయిన్లు నల్లటి అంగీలు వేసుకుంటారు. నలుపు వేడిని పీలుస్తుంది కదా, మరి వాళ్ళెలా బతుకుతున్నారు? 1980లో నేచర్ పత్రికలో దీనిమీద ఒక వ్యాసం వచ్చింది. మధ్యాహ్నపు ఎండలో నల్ల అంగీతోనూ తెల్ల అంగీతోనూ మనిషిని నిలబెట్టి కొలిస్తే, ఒంటికి చేరిన వేడి రెండిటిలోనూ ఒకటేనట. నల్లబట్ట పైన ఎక్కువ వేడెక్కుతుంది నిజమే. కానీ అంగీ వదులుగా ఉండటంతో బట్టకూ ఒంటికీ మధ్య గాలి ఆడి, ఆ వేడి చర్మం దాకా రాకముందే వెళ్ళిపోతుంది. మన కోస్తాలో ఇంకో తంటా ఉంది. గాలిలో తేమ ఎక్కువ, చెమట త్వరగా ఆరదు. కాబట్టి ఒంటికీ బట్టకూ మధ్య గాలి ఆడటం మనకు ఇంకా అవసరం. మా అమ్మాయి చొక్కా చూసి "ఇద్దరు పడతారు ఇందులో" అంటారు అత్తయ్య. ఆ రెండో మనిషి గాలే అనుకోవచ్చు.

ఇంతకీ మన తరం ఆడవాళ్ళకు వదులు దొరకలేదా అంటే దొరికింది. నైటీ. మా వీధిలో నైటీ వచ్చిన కాలం నాకు బాగా గుర్తు. మొదట బాలింతలకు కొన్నారు. తరవాత పడుకునేటప్పుడు. ఆ తరవాత పొద్దున్న పాలు పోయించుకునేదాకా. అలా గంటగంటకూ జరుగుతూ వంటింటి మధ్యాహ్నాన్ని గెలుచుకుంది. స్టవ్వు దగ్గర నిలబడి పోపు పెట్టే మనిషికి దానంత మేలు చేసిన బట్ట ఇంకోటి లేదు. మెడ నుంచి పాదం దాకా వదులు, నూలు, గంజి అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు. మా అమ్మ చెప్పిన రెండు బాధలూ ఒక్కసారే తీరాయి.

కానీ గేటు దగ్గర దాని పరుగు ఆగిపోయింది. కూరలబండి వస్తే నైటీ మీద చున్నీ వేసుకుని పరిగెత్తాలి. నెత్తిన ఎండ, చేతిలో బేరం, భుజాన జారే చున్నీ. 2018లో పశ్చిమ గోదావరి జిల్లా తోకలపల్లిలో ఊరి పెద్దలు ఒక కట్టుబాటు పెట్టిన వార్త మీరూ చదివే ఉంటారు. పొద్దున ఏడింటి నుంచి రాత్రి ఏడింటిదాకా ఆడవాళ్ళు నైటీతో బయటికి రాకూడదు. వస్తే రెండువేల రూపాయల జరిమానా. చూసి చెప్పినవాళ్ళకు వెయ్యి రూపాయల బహుమానం. పేపర్లలో వచ్చాక అధికారులు ఆ ఊరు వెళ్ళారు కూడా.

ఏ ఊళ్ళోనైనా టీ బడ్డీ దగ్గరికి వెళ్ళి చూడండి. లుంగీ మోకాళ్ళపైకి మడిచికట్టి, పైన ఒట్టి బనీనుతో నలుగురు మగవాళ్ళు కూర్చుని ఉంటారు. వాళ్ళను ఎవరూ లెక్కపెట్టరు. వేడికి అదే కదా హాయి అంటారు. నిజమే, హాయే. వాళ్ళ హాయి వీధిలో కూర్చుని టీ తాగుతుంది. మన హాయి గేటు లోపల నిలబడి చున్నీ వెతుక్కుంటుంది.

ఇక ఇప్పటి పిల్లల టీ షర్టు సంగతి. టీ షర్టు పుట్టుక కూడా లోపల వేసుకునే బనీనుగానే. 1913 ప్రాంతంలో అమెరికా నౌకాదళం తన నావికులకు తెల్ల బనీన్లు ఇచ్చింది. 1951లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో మార్లన్ బ్రాండో పైన చొక్కా లేకుండా దానితోనే కనిపించాక, కుర్రకారు అదే వీధిలోకి వేసుకొచ్చారు. అప్పట్లో అక్కడి పెద్దలూ మా అత్తయ్యలాగే "లోపలి బట్టతో వీధిలోకా" అని ముక్కున వేలేసుకుని ఉంటారు. మన పక్క రాష్ట్రపు తిరుప్పూరుదీ అదే దారి. బనీన్ల ఊరుగా పేరు తెచ్చుకుని, తరవాత టీ షర్టులు కుట్టి దేశదేశాలకు పంపింది.

దాన్ని ఇంత పెద్దగా వేసుకోవడం న్యూయార్కులో బ్రాంక్స్ లాంటి పేద పేటల్లో, 1970ల్లో హిప్ హాప్ పాటలతో పెరిగింది. నేలమీద పడి, చేతులమీద తిరిగి నాట్యం చేసే పిల్లలకు వదులు బట్ట కావాలి. పైగా పెద్దాడి బట్టలు చిన్నాడికి దిగే ఇళ్ళవి. ఇందులో మనకు తెలియనిదేముంది? మా చిన్నప్పుడు జూన్‌లో యూనిఫాం కుట్టిస్తే రెండేళ్ళు రావాలని నాలుగంగుళాలు పెంచి కుట్టించేవారు. మా తరం అంతా ఆరో తరగతి ఓవర్‌సైజులో, ఏడో తరగతి సరిగ్గా, ఎనిమిదో తరగతి బిగుతుగా చదివినవాళ్ళమే. తేడా ఏమిటంటే మాకు అది సిగ్గు. ఆ నల్లజాతి పిల్లలు దాన్నే దర్జాగా మార్చారు. 1989లో లాస్ ఏంజిలిస్‌లో క్రాస్ కలర్స్ అనే బట్టల కంపెనీ మొదలైంది. రంగురంగుల వదులు బట్టలే దాని ప్రత్యేకత. 1992లో టీఎల్‌సీ అని ముగ్గురు ఆడపిల్లల బృందం మొదటి ఆల్బం తెచ్చింది. బిగుతు గౌన్లు వేసుకుని పాడే ఆడవాళ్ళ మధ్య వీళ్ళు మగపిల్లల సైజు చొక్కాలు, జారిపోయే ప్యాంట్లతో వచ్చారు. ఇక్కడ నేను కాలేజీలో ఉండగా ప్రభుదేవా డాన్సులు చూసి మా క్లాసు అబ్బాయిలు బ్యాగీ ప్యాంట్లు కుట్టించుకున్నారు. అమ్మాయిలం మాత్రం పంజాబీ డ్రెస్సు మీద చున్నీని రెండు పిన్నులతో ఆంగ్లం వి అక్షరంలా బిగించుకుని వెళ్ళేవాళ్ళం. ఎంత ఎండలోనైనా ఆ చున్నీ పక్కకు జరగకూడదు.

మన దేశంలో ఆడపిల్లలకు ఈ వదులు రావడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. ఆ మధ్యలో లెగ్గింగ్స్ అనే బిగుతుకాలం ఒకటి నడిచింది. తరవాత కొరియా పాటల బృందాలు, ఆన్‌లైను అంగళ్ళు, లాక్‌డౌనులో ఇంటిపట్టున వదులు బట్టలకు అలవాటుపడిన ఒళ్ళు, ఇవన్నీ కలిశాయి.

అయితే మా అమ్మాయి ఎందుకు వేసుకుంటుందో ఈ చరిత్రంతా చదివినా నాకు పూర్తిగా తెలియలేదు. ఒకరోజు మధ్యాహ్నం దాని టీ షర్టు పిండుతుంటే చేతులు నొప్పెట్టాయి. అంత మందం. "గాలి కోసం వేసుకుంటానంటావు, ఇదేమో దుప్పటిలా ఉంది. ఈ ఎండలో ఎలా మోస్తున్నావే?" అన్నాను. అది ఫోను పక్కన పెట్టింది.

"పల్చటిది అయితే ఒంటికి అంటుకుంటుందమ్మా. బస్సులో నిలబడితే అందరూ చూస్తారు. ఇది వేసుకుంటే నేనెలా ఉన్నానో ఎవరికీ తెలీదు. హాయిగా పాటలు వింటూ వెళ్ళిపోతాను."

బిల్లీ ఐలిష్ అని అమెరికా గాయని ఒకమ్మాయి ఉంది. 2019లో ఒక ప్రకటనలో ఆ పిల్లా ఇదే అర్థం వచ్చే మాట చెప్పింది, లోపలేముందో చూడకపోతే నా ఒంటిమీద ఎవరూ అభిప్రాయం చెప్పలేరు కదా అని. అప్పుడా పిల్లకు పదిహేడేళ్ళు. అక్కడి అమెరికా పిల్లదీ, మా బెజవాడ సిటీ బస్సులో వెళ్ళే పిల్లదీ ఒకటే లెక్క అని తెలిసినప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. నేను పిన్నులు పెట్టి మోసిన చున్నీ పోయిందనుకున్నాను. పోలేదు. టీ షర్టుగా మారి నా కూతురి భుజాలమీదే ఉంది.

అందుకే ఈ వదులును చూసి "పిల్లలకు స్వేచ్ఛ వచ్చేసింది" అని నేను చప్పట్లు కొట్టలేను. "పద్ధతి పోయింది" అని బాధపడనూ లేను. సగం గెలిచారు. నూట యాభై ఏళ్ళుగా ఆడవాళ్ళకు గేటు దగ్గర ఆగిపోయిన వదులును వీళ్ళు బస్టాండు దాకా, కాలేజీ దాకా తీసుకెళ్ళారు. అది చిన్న పనేం కాదు. 1851లో అమెరికాలో అమేలియా బ్లూమర్ అనే ఆవిడ పొట్టి గౌను కింద వదులు పైజామా వేసుకుని బయటికొస్తే వీధిలో వెక్కిరించారు. కొన్నేళ్ళకు ఆవిడ మళ్ళీ పాత గౌనుకే వచ్చేసింది. 1881లో లండనులో కొందరు ఆడవాళ్ళు సంఘం పెట్టుకుని, లోపలి బట్టల బరువు ఏడు పౌన్లు, అంటే సుమారు మూడు కిలోలు, దాటకూడదని అడగాల్సి వచ్చింది. మా పిల్లలు ఏ సంఘమూ పెట్టకుండా వేసుకుని వెళ్ళిపోతున్నారు. మిగిలిన సగం, అంటే పల్చటి చొక్కా వేసుకుని కూడా నిశ్చింతగా బస్సెక్కగలగడం, ఆ పిల్లల బట్టల్లో లేదు. ఆ బస్సులో చూసే కళ్ళల్లో ఉంది. ఆ కళ్ళు కొన్ని మన ఇళ్ళల్లోనే పెరుగుతున్నాయి. మా అబ్బాయితో ఈ సంగతి విడిగా కూర్చుని మాట్లాడాను. వాడు కాసేపు తల దించుకున్నాడు గానీ విన్నాడు.

ఇక గృహిణిగా నాకు చేతనైన పనులు చేస్తున్నాను. టీ షర్టు కొనేటప్పుడు జీఎస్‌ఎం అని ఒక అంకె రాస్తారు. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. 240 అంటే మందం. 180 దగ్గర అయితే మన ఎండలకు నయం, అంత పల్చగా ఒంటికీ అంటుకోదు. పూర్తి నూలా, పాలిస్టరు కలిసిందా అన్నది లోపలి చీటీలో చూస్తున్నాం. వదులుగా ఉందికదా అని పాలిస్టరుది కొంటే మా అమ్మ నైలెక్సు కథ మళ్ళీ మొదటికొస్తుంది. ముదురు రంగు తీసుకుంటే చెమట మరకలు కనబడవని అదే చెప్పింది. పొడుగు చేతులవల్ల జబ్బలు నల్లబడటం లేదని కూడా అంది. ఉతకడం తేలిక, ఇస్త్రీ లేదు. పైగా తనవి తనే మెషీన్లో వేసుకుంటోంది. ఈ చివరిదొక్కటి చాలు, ఏ తల్లి అయినా ఓవర్‌సైజుకు ఓటు వేయడానికి.

అత్తయ్య సంగతి అడుగుతారేమో. మనవరాలి ప్యాంటు మీద ఆవిడ అభిప్రాయం ఇప్పటికీ అదే. కానీ పోయిన నెల జాకెట్లు కుట్టించుకోవడానికి దర్జీ దగ్గరికి నాతో వచ్చారు. అతను పాత కొలత జాకెట్టు అడిగితే ఇవ్వలేదు. "రెండంగుళాలు వదులు పెట్టు నాయనా. చంక దగ్గర ఇంకో అంగుళం. హుక్కులు ముసలి వేళ్ళకు అందడంలేదు, ముందు ముడి వచ్చేట్టు కుట్టగలవా?" అని అడిగారు. అతను ముడిరవిక ఎప్పుడూ కుట్టలేదట. అత్తయ్య అతని కత్తిరింపు బల్లమీద సుద్దముక్కతో గీసి చూపించారు. మల్లుబట్టతో మూడు కుట్టి ఇచ్చాడు. మొన్న ఆదివారం అందులో ఒకటి వేసుకుని, మిట్టమధ్యాహ్నం పక్కవీధిలో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళొచ్చారు. మా పెద్దమ్మకు ఫోనులో ఆ దర్జీ నంబరు కూడా చెప్పారు.